జింక్ ప్లేటింగ్ యూనిట్‌లో కాలుష్యం తగ్గాలంటే ముందు పెద్ద ఈటీపీ పెట్టాలా, పనివాళ్లకు నేర్పించాలా?

నమస్తే అండి. మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. గాజువాక ఆటోనగర్‌లో మీకు జింక్ ప్లేటింగ్ (ఇనుప ముక్కల మీద జింక్ పూత వేసే) షెడ్డు ఉంది, పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. బయటికి వదిలే నీళ్లలో క్రోమియం ఎక్కువగా ఉందని నోటీసు వచ్చింది. కన్సల్టెంటేమో ఈటీపీ (వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు) కెపాసిటీ మూడింతలు చేయాలన్నారు. మీ బావగారేమో మనవాళ్లకు పని సరిగ్గా నేర్పితే చాలంటున్నారు. రెండూ చేయడానికి డబ్బు లేదు, ఏది ముందు చేయాలి అని.

సూటిగా చెబుతాను. ముందు మనుషులు. ఆ వెంటనే కడిగే పద్ధతి. తర్వాత బాత్‌లో, అంటే ముక్కలు ముంచే తొట్టిలో, వాడే రసాయనం. ఈటీపీ అన్నిటికంటే ఆఖరు. ఈ వరుసలో వెళితే ఇప్పుడున్న ఈటీపీయే మీకు సరిపోవచ్చు. ఒకవేళ కొత్తది కావాల్సి వచ్చినా కన్సల్టెంట్ చెప్పిన సైజు కంటే చాలా చిన్నదానితో పని జరుగుతుంది. వరుస తిరగేస్తే అప్పు చేసి పెద్ద ట్యాంకులు కట్టినా శాంపిల్ మళ్లీ ఫెయిలవుతుంది. అలా ఫెయిలైన యూనిట్లను నేను కళ్లారా చూశాను.

నేను ఈటీపీలో షిఫ్ట్ కెమిస్ట్‌గా మొదలుపెట్టాను. పరవాడ వైపు ఫార్మా యూనిట్లలో చాలా ఏళ్లు పర్యావరణ విభాగం చూశాను. ఇప్పుడు చిన్న యూనిట్లకు, ముఖ్యంగా ప్లేటింగ్, పెయింటింగ్ షెడ్లకు పని నేర్పిస్తున్నాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

మొదట ఒక సంగతి చెప్పాలి. మీ ఊరి నీళ్లలోకి పోతున్న క్రోమియం, జింక్ మీరు డబ్బు పెట్టి కొన్న సరుకు. బాత్‌లోంచి జిగ్ (ముక్కలు తగిలించే చట్రం) పైకి లేపినప్పుడు బోల్టుల సందుల్లో, బ్రాకెట్ మూలల్లో కొంత ద్రావణం అంటుకుని వస్తుంది. దాన్నే మనవాళ్లు డ్రాగ్‌అవుట్ అంటారు. అది వెళ్లి కడిగే తొట్టిలో కలుస్తుంది, అక్కడినుంచి కాలువకు. ప్లేటింగ్ షెడ్డులో రోజూ బయటికి పోయే లోహంలో పెద్ద వాటా ఇదే. ఈటీపీ ఏం చేస్తుంది? మీరు కొన్న సరుకును ఇంకో సరుకు కొని, అంటే మెటాబైసల్ఫైట్, సున్నం, కాస్టిక్ కొని, స్లడ్జ్‌గా, అంటే బురదగా మారుస్తుంది. ఆ స్లడ్జ్ ప్రమాదకర వ్యర్థం కింద లెక్క. దాన్ని పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలంటే టన్నుల లెక్కన మళ్లీ కట్టాలి. అంటే ఒకే సరుకుకు మూడుసార్లు డబ్బు కడుతున్నారు. అందుకే డ్రాగ్‌అవుట్‌ను తొట్టి దగ్గరే ఆపాలంటాను.

ఎలా ఆపాలి? జిగ్‌ను బాత్ పైనే పది, పదిహేను సెకన్లు నిలపాలి. బ్యారెల్ (చిన్న ముక్కలు పోసి తిప్పే డ్రమ్ము) అయితే పైకి లేపాక అక్కడే రెండు మూడు చుట్లు తిప్పాలి. లేపడం కూడా నెమ్మదిగా లేపాలి. వేలాడదీసేటప్పుడు కప్పులాంటి భాగం బోర్లా ఉండేలా పెట్టాలి, లేకపోతే ప్రతి ముక్కా ఒక గ్లాసులా ద్రావణాన్ని మోసుకుపోతుంది. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు. కానీ పీస్‌రేటు మీద పనిచేసే కుర్రాడు పదిహేను సెకన్లు ఎందుకు నిలబడతాడు? చేతులు నొప్పి పుడతాయి, లెక్క తగ్గుతుంది. ఒక యూనిట్‌లో నేను నెలరోజులు చెప్పినా ఎవరూ ఆగలేదు. చివరికి బాత్ పైన అడ్డంగా ఒక పైపు బిగించాం. జిగ్‌ను దానికి తగిలించి పక్క జిగ్ పని చూసుకోవచ్చు. ఆ రోజు నుంచి ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. శిక్షణ అంటే తప్పు చేయొద్దని పదేపదే చెప్పడం ఒక్కటే అనుకోకండి. సరిగ్గా చేయడం సులువయ్యేలా ఏర్పాటు చేసి, ఆ తర్వాత నేర్పించాలి.

రెండోది కడిగే తొట్లు. ఇక్కడ లెక్క చూడండి, నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ముక్కకు అంటుకున్న ద్రావణాన్ని వెయ్యి వంతులు పలచన చేయాలనుకుందాం. గంటకు ఒక లీటరు డ్రాగ్‌అవుట్ వస్తోందనుకోండి. ఒకే తొట్టిలో కడిగితే గంటకు వెయ్యి లీటర్ల నీళ్లు పారించాలి. అదే రెండు తొట్లు పెట్టి, నీళ్లు చివరి తొట్టిలోకి వచ్చి అక్కడినుంచి మొదటి తొట్టిలోకి ఎదురు పారేలా చేస్తే గంటకు సుమారు 32 లీటర్లు చాలు. మూడు తొట్లయితే పది లీటర్లే. ఇది కాగితం మీది లెక్క. షెడ్డులో నీళ్లు సరిగ్గా కలవవు కాబట్టి అంత రాదు, గాలి బుడగలు ఊది కలిపితే కొంత దగ్గరికి వస్తుంది. అయినా తొంభై శాతం దాకా నీళ్లు తగ్గించిన యూనిట్లు నాకు తెలుసు. గంటకు వెయ్యి లీటర్లకు డిజైన్ చేసిన ఈటీపీని వంద లీటర్లు వచ్చే చోట పెట్టడం ఎంత వృథానో ఆలోచించండి. మీ కన్సల్టెంట్ ఇప్పుడు పారుతున్న నీళ్లను చూసి సైజు కట్టి ఉంటారు, తగ్గించాక పారే నీళ్లను చూసి కాదు.

కాబట్టి రేపే చేయాల్సిన పని ఒకటి: బోరు లైన్‌కు, కడిగే తొట్టి లైన్‌కు ఒక్కో వాటర్ మీటర్ బిగించండి. అది కుదరకపోతే బకెట్, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. పదిహేను రోజులు పొద్దున, సాయంత్రం రాసిపెట్టండి. మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు కుళాయి కట్టారా లేదా అన్నది కూడా రాయండి.

ఇక మీ నోటీసుకు అసలు కారణం ఎక్కడుందో నా అనుమానం చెబుతాను. క్రోమియం వచ్చేది జింక్ బాత్ నుంచి కాదు, ఆ తర్వాత జింక్ పూతకు తుప్పు పట్టకుండా రక్షణ పొర ఇవ్వడానికి ముంచే పాసివేషన్ తొట్టి నుంచి. పసుపు రంగు ఫినిషింగ్ ఇస్తున్నారంటే మీరు వాడేది హెక్సావలెంట్ క్రోమియం, అంటే క్రోమియంలో బాగా విషపూరితమైన రూపం, అయి ఉండాలి. అది క్యాన్సర్ కారకం. గెడ్డల్లోకి, కాలువల్లోకి వదిలే నీళ్లలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. మొత్తం క్రోమియం అయితే 2 మిల్లీగ్రాములు. ఈటీపీలో దాన్ని ముందు మెటాబైసల్ఫైట్‌తో ట్రైవలెంట్‌గా, అంటే విషం తక్కువున్న రూపంలోకి మార్చి, తర్వాత సున్నంతో గానీ కాస్టిక్‌తో గానీ మడ్డిలా కిందికి దించాలి. మార్చే పని పీహెచ్ 2, 3 మధ్య ఉంటేనే చకచకా జరుగుతుంది. ఐదుకి వచ్చిందంటే దాదాపు ఆగిపోయినట్టే, ఎన్ని కిలోల మెటాబైసల్ఫైట్ పోసినా అంతే.

ఇక్కడే నా జీవితంలో మర్చిపోలేని సంఘటన ఒకటి ఉంది. మీలాంటి యూనిట్ ఒకటి, పేరు చెప్పను. ఈటీపీ బాగుంది, డోసింగ్ పంపులు పనిచేస్తున్నాయి, రసాయనాలు నిండుగా ఉన్నాయి, అయినా మూడు శాంపిళ్లు వరసగా ఫెయిల్. ఓనర్ నిద్రపోవడం లేదు. నేను మూడు సాయంత్రాలు ఆపరేటర్ పక్కన కూర్చున్నాను. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కుర్రాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయి, చాలా శ్రద్ధగా పనిచేస్తాడు. మెటాబైసల్ఫైట్ పోశాడు, ఓ రెండు నిమిషాలు కలిపాడు, ట్యాంకులోకి తొంగి చూసి వాల్వ్ తిప్పి తర్వాతి ట్యాంకుకు వదిలేశాడు. నీళ్లు ఇంకా పసుపుగానే ఉన్నాయి. ఎందుకు వదిలావని అడిగాను. "పచ్చగా ఉంటే వదిలీమన్నారండి" అన్నాడు.

సూపర్‌వైజర్ చెప్పింది నిజమే. హెక్సావలెంట్ పసుపు రంగులో ఉంటుంది, మారాక ఆకుపచ్చ అవుతుంది. ఆయన ఉద్దేశం ఆకుపచ్చ. ఈ కుర్రాడికి పచ్చ అంటే పసుపుపచ్చ. పచ్చకామెర్లు, పచ్చసొన అంటాం కదా, ఇద్దరి తెలుగూ సరైనదే. ఆ ఒక్క మాట వల్ల ఏడు నెలలపాటు శుద్ధి కాని క్రోమియం కాలువలోకి పోయింది. మర్నాడు ట్యాంకు పక్క గోడ మీద రెండు చతురస్రాలు పెయింట్ వేయించాం. పసుపు మీద ఎర్రటి అడ్డగీత, ఆకుపచ్చ మీద బాణం గుర్తు. దాని కింద పీహెచ్ పేపర్ పెట్టె. ఆ యూనిట్‌లో నేను చేసిన మార్పు అంతే, ఆ తర్వాతి శాంపిల్ పాసైంది. అప్పటినుంచి ఏ యూనిట్‌కు వెళ్లినా రంగు పేరు నోటితో చెప్పను, చూపిస్తాను. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన వాళ్లు పనిచేసే షెడ్లలో ఇది మరీ ముఖ్యం.

రంగును మాత్రమే నమ్మడం కూడా చాలదు. 0.1 మిల్లీగ్రాము కంటికి కనిపించదు. డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనంతో చిన్న పరీక్ష ఉంది. కొద్దిగా ఆమ్లం కలిపిన శాంపిల్‌లో దాని చుక్కలు వేస్తే హెక్సావలెంట్ మిగిలి ఉన్నప్పుడు ఊదా రంగు వస్తుంది. పది చదివిన అబ్బాయికి అరగంటలో నేర్పొచ్చు. ఊదా రంగు కనిపిస్తే వాల్వ్ తిప్పకూడదు, అంతే.

ఇంకో పొరపాటు దాదాపు ప్రతి షెడ్డులోనూ చూస్తాను: సున్నం ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిదనుకోవడం. క్రోమియం, జింక్ రెండూ కలిసి కిందికి దిగేది పీహెచ్ 8.5, 9 ప్రాంతంలో. పదకొండు, పన్నెండుకు తీసుకెళితే దిగిన జింక్ మళ్లీ కరిగి నీళ్లలోకి వచ్చేస్తుంది. మగ్గు లెక్కన వేయడం మాన్పించండి. పీహెచ్ మీటర్ కొంటే వారానికోసారి బఫర్ ద్రావణంతో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం) సరిచూడాలి. అది ఎవరూ చేయరు కాబట్టి పక్కన పేపర్ కూడా ఉంచండి.

మూడోది, టెక్నాలజీ మార్పు. శిక్షణతో అన్నీ అయిపోతాయని నేను అనను. మీ బావగారు ఇక్కడ సగమే కరెక్ట్. హెక్సావలెంట్ వాడుతున్నంతకాలం ప్రమాదం మీ షెడ్డులోనే ఉంటుంది. తొట్టి మీద వంగి పనిచేసేవాళ్లు రోజూ దాని తుంపరల మధ్యే ఉంటారు. చేతుల మీద మానని పుళ్లు, ముక్కులో పుండు పడ్డవాళ్లను చూశాను. అందుకే ట్రైవలెంట్ పాసివేషన్‌కు మారమంటాను. ఇప్పుడు మంచి రకాలు దొరుకుతున్నాయి, వాహన కంపెనీలు చాలావరకు అవే అడుగుతున్నాయి. అయితే దాని ఇబ్బందులు ముందే తెలుసుకోండి. రసాయనం ధర ఎక్కువ. పీహెచ్ రెండు చుట్టూ గట్టిగా పట్టుకోవాలి. బాత్‌లో ముక్కలు పడిపోయి ఇనుము కరిగితే ఫినిషింగ్ పాడవుతుంది, కాబట్టి రోజూ అయస్కాంతంతో తీయించాలి. పాతది ఎలా పడితే అలా వాడినా తట్టుకునేది, ఇది తట్టుకోదు. కాబట్టి మనుషులకు నేర్పకుండా ఇది తెస్తే నెల తిరక్కుండా రిజెక్షన్లు చూసి పాతదానికే తిరిగిపోతారు. నేను శిక్షణను ముందు పెట్టడానికి పెద్ద కారణం ఇదే. మారే ముందు ఉప్పునీటి పరీక్షలో ముక్క తుప్పు పట్టకుండా ఎన్ని గంటలు నిలవాలో మీ కస్టమర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మీ జింక్ బాత్ సైనైడ్‌దా అన్నది మీరు రాయలేదు. అయితే మాత్రం అది మార్చడమే మొదటి పని చేయండి. సైనైడ్ లేని ఆల్కలైన్ జింక్ ఉంది, ఆమ్ల క్లోరైడ్ జింక్ ఉంది. క్లోరైడ్ తీసుకుంటే పొటాషియం రకం తీసుకోండి. అమ్మోనియం రకం వాడితే అమ్మోనియా లోహాన్ని పట్టుకుని ఉంచి ఈటీపీలో దిగనివ్వదు. మార్చేదాకా సైనైడ్ నీళ్ల కాలువ, యాసిడ్ నీళ్ల కాలువ ఎక్కడా కలవకూడదు. కలిస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు వస్తుంది, దాన్ని పీల్చిన మనిషికి సమయం ఉండదు. రెండు కాలువలకు రెండు రంగులు వేయించి, చీపురు పట్టే మనిషికి కూడా ఆ తేడా చూపించండి.

శుభ్రమైన టెక్నాలజీ అంటే మన ఊళ్లో కొత్త మాటేమీ కాదు. మన స్టీల్‌ప్లాంట్‌లో ఎర్రగా కాలిన కోక్‌ను (ఉక్కు తయారీకి బొగ్గు నుంచి చేసే ఇంధనం) నీళ్లు చల్లి ఆర్పరు, నైట్రోజన్‌తో చల్లార్చి ఆ వేడితో ఆవిరి తయారుచేసి వాడుకుంటారు. గాల్లోకి పోవాల్సిన మురికి, వేడి రెండూ ఆగుతాయి, పైగా కరెంటు వస్తుంది. నేను పనిచేసిన ఫార్మాలోనూ ఇదే సూత్రం. చల్లని బ్రైన్ (ఉప్పునీరు) తిరిగే కండెన్సర్, అంటే ఆవిరిని చల్లార్చి ద్రవం చేసే పరికరం, సరిగ్గా పనిచేస్తే టోలీన్ అనే ద్రావకం తిరిగి డ్రమ్ములోకి వస్తుంది, చేయకపోతే పక్క ఊరి వాళ్ల ముక్కుల్లోకి పోతుంది. ఒకసారి మా దగ్గర రాత్రి షిఫ్ట్‌లో వాసన వస్తోందని ఊరివాళ్లు గేటు ముందుకొచ్చారు. కండెన్సర్ పాతదైందని అందరూ అన్నారు. కారణం అది కాదు. బ్యాచ్ త్వరగా అవ్వాలని ఆపరేటర్ వేడి చేసే స్టీమ్ ఎక్కువ వదులుతున్నాడు, కండెన్సర్ అంత టోలీన్ ఆవిరిని అందుకోలేకపోతోంది. అతనికి ఎవరూ ఆ సంబంధం చెప్పలేదు. చెప్పాక, "ఇన్నాళ్లూ మా ఊరివాళ్లకే ఇది పంపిస్తున్నానా" అని చాలా బాధపడ్డాడు. అతనిది ఆ ఊరే.

విశాఖ నేల తీరు కూడా మీరు గుర్తుపెట్టుకోవాలి. కొండల మధ్య గిన్నెలాంటి ఊరు మనది, వదిలిన పొగ, ఆవిరి త్వరగా పోవు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన సమగ్ర పర్యావరణ కాలుష్య సూచీలో విశాఖకు 70.82 వచ్చింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. 2010 జనవరిలో కొత్త పరిశ్రమలకు, విస్తరణలకు అనుమతులు ఆపేశారు. పెద్ద కంపెనీల పక్కన మాది ఎంత అని ఆటోనగర్‌లో చాలామంది అంటారు. నీళ్లలో హెక్సావలెంట్ విషయానికొస్తే చిన్న షెడ్డు చిన్నది కాదండి.

2020 మే 7 తెల్లవారుజాము గుర్తుందిగా. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరిన్ (ప్లాస్టిక్ తయారీ రసాయనం) ఆవిరి ఊరి మీదికొచ్చి 12 మంది చనిపోయారు. ట్యాంకు ఉంది, చల్లబరిచే ఏర్పాటు ఉంది, సైరన్లు ఉన్నాయి. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదిక చదివితే కనిపించేది ఒకటే: పెరుగుతున్న ఉష్ణోగ్రతను గుర్తించి స్పందించాల్సిన చోట స్పందించలేదు, పాలిమరైజేషన్‌ను, అంటే స్టైరిన్ తనలో తానే కలిసి వేడెక్కే చర్యను, ఆపే రసాయనం అందుబాటులో లేదు, సైరన్లు మోగలేదు. పరికరం కొన్నంత మాత్రాన ఊరు కాపాడబడదని ఆ రోజు అందరం చూశాం.

ఈటీపీ ట్యాంకులోకి మనిషిని దింపకండి. ఇది విడిగా రాస్తున్నాను. స్లడ్జ్ నిల్వ ఉన్న ట్యాంకులో ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. నేను కొత్తగా చేరినప్పుడు మా ప్లాంటులో ఒక హెల్పర్ పడిపోయిన పంపు గొట్టం తీయడానికి దిగి కూలబడ్డాడు. వెంటనే ఇంకొకతను దిగబోయాడు. మా షిఫ్ట్ ఇన్‌చార్జి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, బ్లోవర్ పెట్టించి, తాడు కట్టుకున్న మనిషిని శ్వాస పరికరంతో దింపారు. మొదటి అతను బతికాడు. ఆ చొక్కా పట్టుకోకపోతే ఇద్దరూ పోయేవారు. కాపాడాలని దిగినవాళ్లే ఎక్కువగా పోతారని మీ పద్నాలుగు మందికీ తెలియాలి.

శిక్షణ ఎలా ఇవ్వాలి, ఎక్కడ దొరుకుతుంది అని కూడా అడిగారు. ఆపరేటర్లకు హోటల్‌లో హాలు తీసుకుని స్లైడ్లు చూపిస్తే ఏమీ రాదు. షిఫ్ట్ మొదలయ్యే ముందు తొట్టి దగ్గర ఇరవై నిమిషాలు, వారానికి రెండు రోజులు, ఒక్కోసారి ఒక్క విషయమే. చెప్పాక వాళ్ల చేత చేయించి చూడాలి. వాళ్లలో బాగా పట్టుకున్న ఒకరిని మిగతావాళ్లకు నేర్పేవాడిగా పెట్టి, నెలకు కొంత డబ్బు అదనంగా ఇవ్వండి. అది ఇవ్వకపోతే నేర్చుకున్నవాడు పెద్ద కంపెనీకి వెళ్లిపోతాడు. సూపర్‌వైజర్‌ను మాత్రం బయటికి పంపాలి. హైదరాబాద్‌లో 1992 నుంచి ఉన్న ఈపీటీఆర్ఐ (పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ), జాతీయ ఉత్పాదకతా మండలి ఇలాంటి కోర్సులు నడుపుతాయి, తేదీలు అడిగి తెలుసుకోండి. ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థులకు ప్రాజెక్టు కావాలి, మీకు లెక్కలు వేసే మనిషి కావాలి. డిపార్ట్‌మెంట్‌కు వెళ్లి అడగండి. నేను ఇద్దరు ముగ్గురికి అలా కుదిర్చాను, పిల్లలు చాలా బాగా చేశారు.

డబ్బు విషయానికొస్తే, ఎంఎస్ఎంఈలకు (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలకు) కేంద్రం ఇచ్చే జెడ్ (జీరో డిఫెక్ట్, జీరో ఎఫెక్ట్) సర్టిఫికేషన్ ఉంది. సర్టిఫికేషన్ ఖర్చులో సూక్ష్మ పరిశ్రమలకు 80 శాతం, చిన్నవాటికి 60 శాతం రాయితీ. అది సర్టిఫికేషన్ ఫీజుకే, ట్యాంకులు కట్టడానికి కాదు. ఈ తేడా చెప్పకుండా ఫీజు అడిగే ఏజెంట్లు తిరుగుతున్నారు, జాగ్రత్త.

నోటీసుకు జవాబు గడువులోగా ఇచ్చేయండి. అంతా బాగుందని రాయకండి. వాటర్ మీటర్ పెట్టిన తేదీ, డైఫినైల్ పరీక్ష మొదలుపెట్టిన తేదీ, రెండో కడిగే తొట్టి ఎప్పటికి వస్తుందో ఆ తేదీ, ట్రైవలెంట్‌కు ఎప్పుడు మారతారో ఆ తేదీ రాయండి. రాసిన తేదీలు తప్పకండి. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవాళ్లకు లాగ్‌బుక్ చూపించండి. ఒకే పెన్నుతో ఒకే రోజు నింపిన పుస్తకం వాళ్లకు చూడగానే తెలిసిపోతుంది.

కన్సల్టెంట్‌కు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "కడిగే నీళ్లు పదో వంతుకు తగ్గితే మీ డిజైన్ ఎంతవుతుంది?" అని. పదిహేను రోజుల రీడింగులు వచ్చాక తొట్ల సైజులు, బాత్ రకం, రోజుకు ఎన్ని కిలోల పని చేస్తున్నారో ఇక్కడే కింద రాయండి. లెక్క నేను వేసి చెబుతాను.